ఆడా మగా: ఒక్క పరీక్షతో తేలే విషయమేనా?

1985లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు జరిగాయి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెస్ పతీన్యో అక్కడ మహిళల విభాగానికి పెట్టిన పరీక్షలో నెగ్గలేదు. తర్వాత క్రోమోజోమ్‌లు చూస్తే ఎక్స్‌తో పాటు, సాధారణంగా మగవారిలో ఉండే వై క్రోమోజోమ్ కూడా కనిపించింది. కొన్నాళ్లకు ఆ సంగతి పత్రికలకెక్కింది. ఆమె స్కాలర్‌షిప్ పోయింది, రికార్డులు కొట్టేశారు, పెళ్లాడాల్సిన మనిషి దూరమయ్యాడు. ఆమె శరీరంలో టెస్టోస్టిరాన్ తయారయ్యే మాట నిజమే. కానీ దాన్ని అందుకునే రిసెప్టర్లు పనిచేయవు. ఆ హార్మోన్ కండలకు ఇచ్చే బలం ఆమెకు రవ్వంత కూడా అందలేదు. పోరాడగా, 1988లో మళ్లీ పోటీ పడే హక్కు దక్కింది.

మొదటి ఆరు వారాల దాకా గర్భంలోని పిండానికి ఉండే బీజగ్రంథి అండాశయంగానైనా, వృషణంగానైనా మారగలదు. సాధారణంగా దాన్ని వృషణం వైపు మళ్లించేది వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు. 1990లో లండన్ శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టారు. అయితే అది గొలుసులో మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత మరిన్ని జన్యువులు, హార్మోన్లు, రిసెప్టర్లు తమ వంతు పని చేయాలి. ఎక్కడ తేడా వచ్చినా శరీరం మరో దారి పడుతుంది. అరుదుగా ఎస్‌ఆర్‌వై ఎక్స్ క్రోమోజోమ్ మీదకు చేరిపోతుంది. అప్పుడు రెండు ఎక్స్‌లున్న బిడ్డ మగపిల్లాడిగా పుడతాడు.

2025 సెప్టెంబరు నుంచి మహిళల విభాగానికి ఇదే జన్యువు పరీక్షను ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ తప్పనిసరి చేసింది. ఆ జన్యువును కనిపెట్టిన బృందంలోని ఆండ్రూ సింక్లెయిరే ఇది సరైన పద్ధతి కాదని బహిరంగంగా రాశారు. పతీన్యో లాంటి శరీరస్థితి ఉన్నవారికి ఆ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. జన్యువు ఒక్కటే చాలదని మినహాయింపు పెట్టిన వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా.

ఇలా అన్నానని ఆడ, మగ తేడా ఉత్త ఊహ అనుకోకూడదు. మనిషి పుట్టుకకు అండం, శుక్రకణం కావాలి. మూడో రకం బీజకణం లేదు. అత్యధికుల శరీరాలు ఈ రెండు దారుల్లో ఏదో ఒకదానిలోనే ఎదుగుతాయి. తేడాను పట్టించుకోకపోతే ప్రమాదం కూడా. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. అయినా ఏళ్ల తరబడి ఇద్దరికీ ఒకే మోతాదు ఇచ్చారు. 2013లో గానీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మహిళలకు దాన్ని సగం చేయించలేదు.

మెదడు దగ్గర చర్చ ఇంకా వేడెక్కుతుంది. సగటున మగవారి మెదడు కొంత పెద్దది. 2015లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాఫ్నా జోయెల్ బృందం 1,400కు పైగా మెదళ్ల స్కాన్లు పరిశీలించి, అన్ని భాగాలూ ‘మగ’ వైపో ‘ఆడ’ వైపో ఉన్న మెదళ్లు చాలా తక్కువని చెప్పింది. కొలతలన్నీ కలిపి చూస్తే అది ఆడవారి మెదడో మగవారి మెదడో కంప్యూటర్ చాలావరకు ఊహించగలదని వేరే శాస్త్రవేత్తలు చూపించారు. ఈ రెండూ నిజమే. సగటు తేడా ఉంటుంది, కానీ మన ఎదుట ఉన్న అమ్మాయికి లెక్కలు వస్తాయో రావో ఆ సగటు చెప్పదు.

ఇక, తాను ఆడా, మగా అన్న లోపలి ఎరుక. కెనడాలో డేవిడ్ రైమర్ అనే మగశిశువు సున్తీలో జరిగిన ప్రమాదంలో జననాంగం కోల్పోయాడు. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ మనీ సలహాతో అతన్ని ఆడపిల్లగా పెంచారు. పద్నాలుగేళ్ల వయసులో నిజం తెలిశాక అతను అబ్బాయిగానే బతకడం మొదలుపెట్టాడు. ఒక్కరి జీవితం మీద సిద్ధాంతం కట్టలేం గానీ, ఈ ఎరుకను పెంపకంతో ఇష్టం వచ్చినట్టు మలచవచ్చన్న నమ్మకం అక్కడ బీటలువారింది. అందుకే, పుట్టినప్పుడు నమోదైన లింగానికీ ఈ ఎరుకకూ పొంతన లేని ట్రాన్స్ వ్యక్తులను ‘మనసు మార్చుకో’ అని ఒత్తిడి చేయడం నాకు క్రూరంగా తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో ఈ పొంతన లేకపోవడాన్ని మానసిక రుగ్మతల నుంచి తప్పించింది. అలాంటి పిల్లలకు యుక్తవయసును ఆపే మందులు ఇవ్వడం మాత్రం వేరే ప్రశ్న. ఆధారాలు బలహీనంగా ఉన్నాయని ఇంగ్లండ్‌లో పిల్లల వైద్యురాలు హిలరీ కాస్ 2024లో ఇచ్చిన సమీక్ష తేల్చింది. అమెరికాలోని కొన్ని వైద్య సంఘాలు దాంతో ఏకీభవించలేదు. ఇక్కడ కావలసింది ఓపికగా చేసే పరిశోధన.

అడిగే అవసరాన్ని బట్టి ప్రశ్న మారాలి. పరుగు పందెంలో తేల్చాల్సింది యుక్తవయసులో టెస్టోస్టిరాన్ కండలకు ఎంత బలం ఇచ్చిందన్నది. ఆసుపత్రిలో తేల్చాల్సింది శరీరంలో ఏ అవయవాలున్నాయన్నది. ఇంగ్లండ్‌లో చాలాకాలం పాటు, ఆడపిల్లగా పుట్టి, ఆసుపత్రి రికార్డుల్లో పురుషుడిగా నమోదైన ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మనే ఉత్తరం దానంతట అది వచ్చేది కాదు. గర్భాశయం ఉందా లేదా అని కంప్యూటర్‌లో ఎవరూ అడగలేదు మరి.