డిగ్రీలో ఖగోళ శాస్త్రం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఖగోళ శాస్త్రం వైపు చూస్తున్న విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ హైదరాబాద్‌లో ఫిజిక్స్ అధ్యాపకుడిగా నేను తరచూ చెప్పవలసివస్తున్న మాటలివి.

అపోహ: డిగ్రీ పట్టా మీద ‘ఆస్ట్రానమీ’ అన్న పేరు ఉండి తీరాలి.

వాస్తవం: అక్కరలేదు. నిజాం కాలేజీలో చదివిన ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు కూడా భౌతిక శాస్త్రం చదివాకే హార్వర్డ్‌కు వెళ్లారు. నక్షత్రం ఎందుకు వెలుగుతోందో, తన బరువుకు తానే ఎందుకు కుంగిపోవడం లేదో చెప్పేది భౌతిక శాస్త్రమే కనుక, బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే చాలు; మూడో సబ్జెక్టు కంప్యూటర్స్ అయితే మరీ మంచిది.

అపోహ: రాత్రంతా టెలిస్కోపు దగ్గర గడపాలి, నగరంలో ఉంటే ఏమీ నేర్చుకోలేం.

వాస్తవం: నగర కాంతి పరిశీలనకు అడ్డే, అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పింది. అయితే 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాద్‌లో స్థాపించిన నిజామియా వేధశాల (నక్షత్ర పరిశీలన కేంద్రం) పనిలోనూ ఆకాశాన్ని ఫొటో పలకలపై చిత్రించడం ఒక వంతైతే, ఆ పలకల మీది చుక్కల స్థానాలను ఓపికగా కొలిచి పట్టికలకెక్కించడం మరో పెద్ద వంతు. ఆ రెండో పని నేడు లాప్‌టాప్ మీద సాగుతోంది. నక్షత్రాల స్థానాలను, దూరాలను కొలిచిన గైయా ఉపగ్రహం నుంచి 2022లో విడుదలైన మూడో సమాచార సంపుటిలో సుమారు 180 కోట్ల ఖగోళ వస్తువుల వివరాలున్నాయి, అవి అందరికీ ఉచితం.

రెండో ఏడాది విద్యార్థులను నేను ఈ సమాచారంతోనే కృత్తికలు అనే నక్షత్రాల గుంపు దూరం లెక్కగట్టమంటాను. మొదటిసారి దాదాపు అందరూ ఆ దిశలో కనిపించే నక్షత్రాలన్నింటి సగటు తీసి, అర్థంలేని సంఖ్యతో వస్తారు. వెనుక ఎంతో దూరాన ఉన్న సంబంధంలేని నక్షత్రాలను వేరుచేయాలంటే, ఆకాశంలో ఒకే దిశగా, ఒకే వేగంతో కదులుతున్న గుంపును ముందు పట్టుకోవాలి. అప్పుడు పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం స్థానంలో కనిపించే స్వల్ప మార్పు) సుమారు 7.4 మిల్లీ ఆర్క్‌సెకన్లుగా తేలుతుంది; మిల్లీ ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 36 లక్షలవ వంతు. అంటే దూరం దాదాపు 440 కాంతి సంవత్సరాలు.

అపోహ: ఇది చదివితే జాతకాలు చెప్పవచ్చు.

వాస్తవం: చెప్పలేరు. నవ్వులాటకే అయినా, ఏటా ఒకరైనా అడుగుతారు.

అపోహ: ఉద్యోగాలు ఉండవు.

వాస్తవం: పరిశోధన సంస్థల్లో స్థిరమైన కొలువులు తక్కువన్నది నిజమే, దాన్ని దాచకూడదు. జామ్ లేదా జెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ముగించేసరికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి. మధ్యలో దారి మార్చుకున్నవారికి మాత్రం పైథాన్ ప్రోగ్రామింగ్, గణాంక శాస్త్రం, కొలతలోని దోషాన్ని అంచనా వేసే అలవాటు డేటా ఉద్యోగాల్లో పనికివస్తున్నాయి. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే ప్రోగ్రామింగ్ మొదలుపెట్టమని, టెలిస్కోపు కొనడం తర్వాత చూసుకోవచ్చని చెబుతాను.