హైదరాబాద్ - దుబాయ్: టికెట్‌లో రెండున్నర గంటలు, ప్రయాణం నాలుగు గంటలు

నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం బయలుదేరే ముందు దాని దారి, ఇంధనం, సమయం లెక్కకట్టి కెప్టెన్‌కు ఇవ్వడం నా పని. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఈ సమయం దగ్గర వచ్చే తికమక ఏళ్లుగా చూస్తున్నాను.

అపోహ: టికెట్ మీది రెండు టైముల మధ్య తేడానే ప్రయాణ సమయం.

పొద్దున 10కి శంషాబాద్‌లో బయలుదేరి 12.30కి దుబాయ్‌లో దిగుతుందని టికెట్‌లో ఉందనుకోండి. టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. కాబట్టి అసలు ప్రయాణం 4 గంటలు. వచ్చేటప్పుడు అక్కడ 10కి ఎక్కితే ఇక్కడ మధ్యాహ్నం 2.50కి దిగుతారు. చూడ్డానికి 4 గంటల 50 నిమిషాలు, నిజానికి 3 గంటల 20 నిమిషాలే. వేళకు షుగర్ మందులు వేసుకోవాల్సిన పెద్దవాళ్లుంటే ఈ లెక్క ఇంట్లోనే చూసుకోండి.

అపోహ: భూమి తిరుగుతుంది కాబట్టి వచ్చేటప్పుడు త్వరగా చేరతాం.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వింటాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. కింద భూమి జరిగిపోవడమే కారణమైతే దుబాయే మనకు ఎదురొచ్చి, వెళ్లేటప్పుడే తొందరగా చేరాలి. జరిగేది దానికి వ్యతిరేకం. భూమితోపాటు గాలి కూడా తిరుగుతుంది, ఆ గాలిలోని విమానమూ తిరుగుతుంది. తేడా అంతా పైన వీచే గాలి వల్లే.

నా ముందుండే ఫ్లైట్ ప్లాన్‌లో దారిలోని ఒక్కో పాయింట్ పక్కన గాలి దిశ, వేగం రాసి ఉంటాయి. చలికాలంలో ఈ దారిలో పడమటి గాలి బలంగా ఉంటుంది. 60 నాట్లు, అంటే గంటకు 111 కిలోమీటర్లు అనుకుందాం. విమానం గాలిలో 450 నాట్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలిలో నేల లెక్కకు 390 నాట్లే మిగులుతాయి. వెనకగాలి తోడైతే 510. సుమారు 2,550 కిలోమీటర్ల దూరానికి ఆ తేడా 50 నిమిషాలు!

వానాకాలంలో ఆ పడమటి జెట్ గాలులు, అంటే చాలా ఎత్తులో వేగంగా వీచే గాలులు, ఉత్తరానికి జరిగిపోతాయి. దక్షిణాది మీద, చాలా ఎత్తులో, తూర్పు జెట్ మొదలవుతుంది. దాని గురించి 1950ల్లో ప్రపంచానికి వివరించిన పి. కోటేశ్వరం గారు తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. జూలైలో గాలుల చార్టు తెరిచి తూర్పు నుంచి వీచే గాలిని చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

అపోహ: నెట్‌లో చూపించే దూరమే విమానం ఎగురుతుంది.

అది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి దూరం మాత్రమే. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి, తూర్పుగాలి ఉన్న రోజు తూర్పుకే లేచి, మళ్లీ పడమరకు తిరగాలి. దుబాయ్‌లో రద్దీ ఉంటే పైన చక్కర్లు కొట్టాలి. షెడ్యూల్‌లోని సమయం కూడా గాలిలో ఉన్నంతసేపే కాదు, బే (విమానం నిలిపే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ బేలో ఆగేదాకా.

ఆలస్యంగా బయలుదేరితే పైలట్ స్పీడ్ పెంచి కవర్ చేస్తాడన్నదీ అంతే. ఈ దూరంలో అలా కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, దానికి ఇంధనం మాత్రం బాగా కాలుతుంది.