ఆత్మకూరు బస్టాండు గొడవ మొదలైంది బైపాస్ దగ్గర

నెల్లూరు నడిబొడ్డున ఉన్న ఆత్మకూరు బస్టాండును ఊరవతలికి మార్చాలన్న మాట చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 1958లో ఆర్టీసీ పుట్టినప్పటి సంగతులు, ప్రైవేటు బస్సుల కాలం ముచ్చట్లు చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే బైపాస్ దగ్గర మొదలుపెట్టాలి.

ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా వైపు పోయే బస్సయినా లారీ అయినా నెల్లూరు లోపలినుంచే పోయేది. మద్రాసు బస్టాండు అన్న పేరు ఆ రోజులదే. 2000 తర్వాత తొలి ఏళ్లలో, ఢిల్లీ, ముంబై, మద్రాసు, కలకత్తాలను కలిపే హైవేల పథకం స్వర్ణ చతుర్భుజిలో భాగంగా నాలుగు వరుసల బైపాస్ వచ్చింది. దూరపు బండ్లు ఊరిని తప్పించుకుని పోసాగాయి. రాత్రిపూట ప్రైవేటు బస్సుల కోసం జనం అయ్యప్పగుడి లాంటి చోట్ల సంచులతో నిలబడటం మామూలైపోయింది. బస్టాండంటే హైవే పక్కనే ఉండాలన్న ఆలోచనకు బలం అక్కడినుంచే వచ్చింది.

అది హైదరాబాద్, బెంగళూరు పోయేవాళ్లకు నప్పే లెక్క. ఆత్మకూరు బస్టాండు జనం వేరు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి పోయేవాళ్లు వీళ్లు. పాస్ చేతిలో పట్టుకున్న కాలేజీ పిల్లలు, దర్గామిట్ట పెద్దాసుపత్రికి స్కానింగ్ కవరు చంకన పెట్టుకుని వచ్చే ముసలివాళ్లు, పెద్దబజారులో సరుకు కొనుక్కుని మూటలు టాపు మీదికి అందించే చిన్న కొట్లవాళ్లు. బస్సు దిగితే పనికి దగ్గరగా ఉండాలన్నదే వీళ్లు అడిగేది.

మార్చాలనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. ఇరుకు రోడ్డులో బస్సు మలుపు తిరిగితే వెనక అంతా ఆగిపోతుంది. గట్టి వాన పడితే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి టెన్షన్ మొదలవుతుంది. కానీ ఆ నీళ్లు బస్టాండు తెచ్చినవి కావు, కాలువ సరిగా లేక నిలిచినవి. గేటు ముందు అడ్డంగా ఆగే ఆటోలకు స్టాండు చూపించకపోవడం కూడా బస్సుల తప్పు కాదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ విషయం ఇంకా బరువెక్కింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ సున్నా. కూలికీ ఆసుపత్రికీ ఇంట్లో ఎవరినీ డబ్బులడగకుండా బయల్దేరే వీలు వాళ్లకు దొరికింది. బస్టాండు ఊరవతలికి పోతే, బస్సులో మిగిలిన ఆ డబ్బులు ఆటోకు పోతాయి, రానూపోనూ రెండుసార్లు. మార్చాలని పట్టుబట్టేవాళ్లు ఈ ఆటో ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ముందు చెప్పాలి.