లీటరు పెట్రోలు వెనక పన్ను కథ: మన చర్చ ఎప్పుడూ ఎందుకు దారి తప్పింది

1973 నవంబరులో వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లారు. అరబ్ దేశాలు చమురు బిగబట్టాక ఇందిరాగాంధీ ప్రభుత్వం పెట్రోలు రేటు పెంచింది, దానికి నిరసనగా. 2012 మేలో ఒక్కసారే లీటరుకు ఏడున్నర రూపాయలు పెంచితే బంద్ జరిగింది, అప్పుడు రోడ్డెక్కింది బీజేపీ, లెఫ్ట్ పార్టీలు. 2018 సెప్టెంబరులో బంద్‌కు పిలుపు ఇచ్చింది కాంగ్రెస్. ఇన్నేళ్లలో ఎవరు కుర్చీలో ఉన్నారు, ఎవరు రోడ్డు మీద ఉన్నారు అన్నదే మారుతూ వచ్చింది.

అసలు మలుపు మాత్రం ఈ బంద్‌లలో దేనిలోనూ లేదు. పెట్రోలు రేటు మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో తీసేశారు. అంతర్జాతీయంగా పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని అప్పుడు మనకు చెప్పారు. సరిగ్గా ఆ సమయానికే ముడి చమురు పడిపోవడం మొదలైంది, 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్ల పైన ఉన్నది 2016 జనవరికి 30 డాలర్ల కిందకు వచ్చేసింది. ఆ తగ్గుదల మన దాకా రావాల్సింది, కానీ 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజు సుంకం పెంచింది, మొత్తం కలిపితే పెట్రోలు మీద లీటరుకు 11.77, డీజిల్ మీద 13.47 రూపాయలు. బంకు బోర్డు మీద రేటు పెద్దగా పెరగలేదు కాబట్టి ఎవరూ అరవలేదు. రేటు పెరిగితే బంద్ చేసే పార్టీలకు, తగ్గాల్సింది తగ్గనప్పుడు ఏం చేయాలో తోచలేదు. నా దృష్టిలో మనం ఓడిపోయింది అక్కడే.

ఇదే పని 2020లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. లాక్‌డౌన్‌లో చమురు కొనేవాళ్లు లేక మన దేశం కొనే ముడి చమురు 20 డాలర్ల దగ్గరకు దిగింది. మార్చిలో పెట్రోలు, డీజిల్ రెండింటి మీదా మూడు రూపాయలు, మేలో పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 సుంకం వేశారు. ఆ మే మొదటి వారంలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 71.26. అందులో పెట్రోలు ఖరీదు 17.96, రవాణా 32 పైసలు, డీలరు కమీషను 3.56, కేంద్రం ఎక్సైజు 32.98, రాష్ట్రం వ్యాట్, అంటే అమ్మకం పన్ను, 16.44. అంటే పద్దెనిమిది రూపాయల సరుకు మీద 49 రూపాయలకు పైగా పన్ను. ఆటో నడవక, కూలి పని దొరకక జనం ఇళ్లలో కూర్చున్న నెల అది.

అడిగితే మూడు రకాల సమాధానాలు వచ్చాయి, మూడూ అసలు ప్రశ్నను పక్కకు లాగేవే. మొదటిది, యూపీఏ ప్రభుత్వ కాలంలో రేటు పెంచకుండా చమురు కంపెనీలకు నగదు బదులు ఇచ్చిన అప్పు పత్రాలు, అంటే ఆయిల్ బాండ్ల అప్పు తీరుస్తున్నాం, అందుకే పన్ను తగ్గించలేం అని 2021 ఆగస్టులో ఆర్థిక మంత్రి చెప్పారు. ఆ బాండ్ల అసలు సుమారు 1.3 లక్షల కోట్లు. 2020-21 ఒక్క ఏడాదే పెట్రోలు, డీజిల్ మీద ఎక్సైజు వసూలు 3.7 లక్షల కోట్లు దాటింది. లెక్క ఎవరికి వాళ్లే చూసుకోవచ్చు. రెండోది కూడా కేంద్రం మాటే, రాష్ట్రాలు వ్యాట్ తగ్గించడం లేదు అనేది. మూడోది రాష్ట్రాల మాట, మేం పెంచలేదు కదా, కేంద్రమే పెంచింది అని.

రాష్ట్రాల మాటలో కొంత నిజం ఉంది. 2021 ఫిబ్రవరి తర్వాత పెట్రోలు మీద రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజు లీటరుకు 1.40 మాత్రమే, మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు, వాటిలో రాష్ట్రాలకు వాటా రాదు. కానీ వ్యాట్ శాతాల్లో ఉంటుంది, రేటు పెరిగిన ప్రతిసారీ రాష్ట్రాల ఆదాయం దానంతటదే పెరుగుతుంది, ఆ మాట ఏ ముఖ్యమంత్రీ చెప్పరు. తెలంగాణ 2015లో పెట్రోలు వ్యాట్‌ను 35.2 శాతానికి తీసుకెళ్లింది. ఆంధ్రలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. 2021 నవంబరులో కేంద్రం కొంత తగ్గించినప్పుడు ఈ రెండు రాష్ట్రాలూ పైసా తగ్గించలేదు. తర్వాత రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి, 2025లో కూడా విజయవాడలో లీటరు 109 రూపాయల చుట్టూనే ఉంది. కోనసీమ వాళ్లను అడిగితే ఈ పన్నుల తేడా ఏంటో చెబుతారు, పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడి బంకుల్లో రేటు తక్కువ, అటు పని ఉన్నవాళ్లు ట్యాంకు ఫుల్ చేయించుకునే వస్తారు.

ఇక ఎన్నికల సంగతి. 2017 జూన్ నుంచి రేట్లు రోజూ మార్కెట్ ప్రకారం మారాలి. 2018లో కర్ణాటక పోలింగ్ ముందు 19 రోజులు కదల్లేదు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా, అంటే యూపీ ఎన్నికలు పూర్తయ్యే దాకా, నాలుగున్నర నెలలు కదల్లేదు, ఈ మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ముడి చమురు 100 డాలర్లు దాటినా సరే. ఫలితాలు వచ్చాక, మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపు లీటరుకు పది రూపాయలు పెంచారు. 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ముందు రెండు రూపాయలు తగ్గించారు.

ఆ 2022 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తు చేసుకోండి. హిజాబ్ తీర్పు, హలాల్ గొడవ, మసీదుల మైకుల గొడవ. ఆంధ్రలో కొత్త జిల్లాలు, వాటి పేర్లు, మంత్రివర్గ మార్పులు. ఇవి చిన్న విషయాలని నేను అనను, వాటి వల్ల దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. కానీ అదే ఏప్రిల్‌లో ఆర్టీసీ డీజిల్ సెస్సు వేసింది, పల్లె వెలుగులో రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో ఐదు. దమ్ము చేసే ట్రాక్టరు, కోత మిషను, సంతకు కూరగాయలు మోసే టాటా ఏస్, ఒక్కొక్కటీ కిరాయి పెంచాయి. డీజిల్ పెరిగినప్పుడు పెరిగిన కిరాయి డీజిల్ తగ్గినప్పుడు తగ్గదు, ఈ సంగతి కౌలు రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇది ఎన్ని టీవీ చర్చల్లోకి వచ్చింది?

2025 ఏప్రిల్‌లోనూ అంతే. వక్ఫ్ చట్టం మీద దేశమంతా వాదించుకుంటున్న వారంలో, ముడి చమురు పడిపోతున్నప్పుడు, రెండు రూపాయల ఎక్సైజు మళ్లీ పెంచారు, గ్యాస్ సిలిండర్ మీద 50 రూపాయలు పెంచారు. ఎక్సైజు భారం కంపెనీలే భరిస్తాయి, బంకులో రేటు పెరగదు అన్నారు. 2014లో మొదలైన పద్ధతే ఇది, చమురు తగ్గినప్పుడు మనకు రావాల్సిన రెండు రూపాయలు అడక్కముందే ఖజానాకు వెళ్లిపోయాయి.