అంటువ్యాధి సమాచారం దేశం దాటడం: అపోహలు – వాస్తవాలు

వ్యాధుల నిఘాలో పనిచేసే నాకు వైద్యుల నుంచీ విలేకరుల నుంచీ తరచూ వినిపించే మాటలివి.

అపోహ: జబ్బు ఏమిటో ల్యాబ్‌లో తేలాకే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పాలి.

వాస్తవం: 1969 నాటి పాత అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో, తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితా ఉండేది. చివరికి అందులో మిగిలినవి కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్. 2003లో సార్స్ అనే కొత్త శ్వాసకోశ జబ్బు విజృంభించినప్పుడు ఆ జాబితా ఎందుకూ పనికిరాలేదు. 2007 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనలు జబ్బు పేరు కంటే ఘటననే చూస్తాయి. తీవ్రమైనదా? అసాధారణమా? సరిహద్దు దాటే ముప్పుందా? ప్రయాణాలకూ వాణిజ్యానికీ ఆంక్షలు రావచ్చా? వీటిలో ఏ రెండింటికి ‘అవును’ అని జవాబొచ్చినా తెలియజేయాల్సిందే. అంచనాకు గడువు 48 గంటలు, ఆపై కబురు పంపడానికి 24 గంటలు. మశూచి, సహజ పోలియో వైరస్, సార్స్, మనుషుల్లో కొత్త రకం ఇన్‌ఫ్లుయెంజా అయితే ఒక్క కేసు చాలు.

అపోహ: ప్రభుత్వం చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఇతర మార్గాల్లో అందిన వార్తపైనా ప్రపంచ ఆరోగ్య సంస్థ వివరణ కోరవచ్చు. వూహాన్ న్యుమోనియా గురించి 2020 జనవరి 1న చైనాను అడిగింది. 3న సమాచారం అందింది.

అపోహ: నిజం చెప్పిన దేశాన్ని చట్టం కాపాడుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. ఆంక్షలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని, అవసరానికి మించి ఉండకూడదని ఈ నిబంధనల్లోని 43వ అధికరణ చెబుతుంది. ఉల్లంఘిస్తే శిక్ష మాత్రం లేదు. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు జన్యుక్రమాన్ని పరిశీలించి, 2021 నవంబరు 24న కొత్త కరోనా రకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పారు. దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టకముందే బ్రిటన్ విమానాల నిషేధం ప్రకటించింది, మరెన్నో దేశాలు అదే దారి పట్టాయి. 1994లో సూరత్ ప్లేగు వేళ భారత్‌కూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. వెంటనే చెప్పినందుకు ఇంత నష్టపోతే, తర్వాతిసారి ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుంది. నిబంధనల్లో ముందుగా సరిదిద్దాల్సింది దీన్నే అని నా నమ్మకం.

అపోహ: సమాచారం ఇస్తే వైరస్ నమూనాలూ ఇచ్చినట్టే.

వాస్తవం: రెండూ వేరు. తమ నమూనాలతో చేసిన టీకాలు తమకే అందవంటూ ఇండోనేషియా 2007లో బర్డ్ ఫ్లూ వైరస్‌లు పంపడం ఆపింది. ఆ వివాదం నుంచే వైరస్ నమూనాలనూ టీకాలనూ పంచుకోవడానికి 2011 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఒప్పందం పుట్టింది. 2025 మే నెలలో ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలోనూ నమూనాల పంపకాన్ని తర్వాతి చర్చలకే వదిలారు.

అపోహ: ఇదంతా ఢిల్లీ పని, మా ఆసుపత్రికి సంబంధం లేదు.

వాస్తవం: భారత్ తరఫున మాట్లాడేది ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమే. దానికి కబురు జిల్లా, రాష్ట్ర నిఘా విభాగాల మీదుగా వెళ్తుంది. ఒకే ఊరి నుంచి అంతుచిక్కని జ్వరంతో నలుగురు వస్తే, రిపోర్టుల కోసం ఆగకుండా ఆ రోజే జిల్లా నిఘా అధికారికి ఫోను చేయండి.