తోడేళ్లు ఎన్ని ఉంటే చాలు? అమెరికాలో తెగని తగువు వెనుక కథ

2021 ఫిబ్రవరి 22న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తోడేళ్ల వేట మొదలైంది. లైసెన్సు ఉన్న వేటగాళ్లకు కేటాయించిన కోటా 119. మూడు రోజులు నిండకముందే వేట ఆపేశారు. అప్పటికి లెక్కకు వచ్చినవి 218.

ఇదేమీ దొంగవేట కాదు, నిబంధనల ప్రకారం జరిగిందే. లోపం ఆ నిబంధనల్లోనే ఉంది. తోడేలును చంపినవాళ్లు ఆ సంగతి నమోదు చేయడానికి అప్పట్లో 24 గంటల గడువు ఉండేది. కోటా నిండుతోందని గమనించి అధికారులు ముగింపు ప్రకటిస్తే, అది అమల్లోకి రావడానికి ఇంకో 24 గంటలు పట్టేది. అంటే చేతిలో ఉన్న లెక్క నిన్నటిది, ఇచ్చిన ఆదేశం రేపటిది. కోటాలో ఒక్కో తోడేలుకు మామూలుగా 10 లైసెన్సులు ఇచ్చేవారు, ఆ ఏడాది 20 ఇచ్చారు. కొత్తగా మంచు కురిసింది కాబట్టి అడుగుజాడలు స్పష్టంగా పడ్డాయి. వేటకుక్కలను వదలడానికి అనుమతి ఉంది, చచ్చినవాటిలో నూటికి 86 కుక్కలతో వేటాడినవే. పైగా ఫిబ్రవరి తోడేళ్లు జతకట్టే కాలం. అప్పుడు గుంపులోని తల్లి పోతే ఆ ఏడాది ఆ గుంపులో పిల్లలు పుట్టవు.

మొత్తం కోటా నిజానికి 200. పాత ఒప్పందాల ప్రకారం అందులో 81 ఒజిబ్వే ఆదివాసీ తెగలవి. వాళ్ల భాషలో తోడేలు ‘మాయింగన్’, వాళ్లకది తోబుట్టువుతో సమానం. తమ వాటా తోడేళ్లు బతికి ఉండాలనే వాళ్లు వేటాడలేదు. వేటగాళ్లు తమ కోటా దాటి, ఆ వాటా కూడా దాటిపోయారు.

రెండు పక్షాలూ ఈ మూడు రోజులనే సాక్ష్యంగా చూపిస్తాయి. రాష్ట్రాల చేతికి అప్పగిస్తే ఇదే గతి అంటారు రక్షణ కోరేవాళ్లు. ఏళ్ల తరబడి మా చేతులు కట్టేసి, ఒక్కసారిగా వదిలితే ఇంతే అవుతుందంటారు వేటగాళ్లు, పశువుల పెంపకందార్లు. ఒకరినొకరు ఇంతగా నమ్మకపోవడానికి కారణాలు చాలా పాతవి.

తలకింత చొప్పున

1630లోనే మసాచుసెట్స్ బే వలసలో తోడేలు తలకు ఇంత అని బహుమానం ప్రకటించారు. వలస పడమటికి సాగిన కొద్దీ ఆ పద్ధతీ సాగింది. 19వ శతాబ్దం రెండో సగంలో మైదానాల్లో తోడేళ్లను చంపడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు తయారయ్యారు. వాళ్ల ఆయుధం స్ట్రిక్నిన్, అంటే ముష్టి గింజల్లో ఉండే విషం. ఒక బైసన్‌ను (అమెరికా అడవిదున్నను) కాల్చి, పొట్ట చీల్చి, మాంసానికి విషం పట్టించి రాత్రికి వదిలేసేవారు. తెల్లారి వచ్చి చుట్టుపక్కల పడి ఉన్న తోడేళ్ల తోళ్లు ఒలుచుకునేవారు. వాటితోపాటు నక్కలు, గద్దలు, కాకులు, ఊరకుక్కలు కూడా చచ్చేవి. 1905లో మోంటానా ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. పట్టుకున్న తోడేళ్లకు గజ్జి అంటించి మళ్లీ వదలాలని ప్రభుత్వ పశువైద్యుడికి చట్టం ద్వారా పని అప్పగించింది. ఒక జబ్బును చట్టం పెట్టి మరీ అడవిలోకి వదిలిన సందర్భం ఇది.

మనుషులు బైసన్‌నూ ఎల్క్ దుప్పులనూ ఊచకోత కోసి, అదే గడ్డి మీదికి ఆవులనూ గొర్రెలనూ తోలారు. తినడానికి మిగిలిన తిండి అదే కాబట్టి తోడేళ్లు మందల మీద పడ్డాయి. 1915లో అమెరికన్ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నేరుగా నిధులిచ్చింది, కేంద్ర ప్రభుత్వ జీతగాళ్లు బోనులతో, విషంతో రంగంలోకి దిగారు. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 1914, 1926 మధ్య కనీసం 136 తోడేళ్లను చంపారు. వన్యప్రాణుల కోసమని పెట్టిన పార్కులోనే ఇది జరిగింది. శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అలాస్కా మినహా దేశం మొత్తంలో తోడేళ్లు నిలదొక్కుకుని ఉన్నవి ఉత్తర మిన్నెసోటాలో, మిషిగన్‌కు చెందిన ఐల్ రాయల్ దీవిలో మాత్రమే. మిన్నెసోటాలో తల బహుమానం 1965 దాకా నడిచింది.

మధ్యలో వేరే గొంతు వినిపించకపోలేదు. యువకుడిగా తోడేళ్లను కాల్చిన అటవీ అధికారి ఆల్డో లియోపోల్డ్, 1944 నాటికి వాటిని ఎల్లోస్టోన్‌కు తిరిగి తేవాలని రాశారు. అది జరగడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

కంచెలో పది వారాలు

1973 డిసెంబర్ 28న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అంతరించే జాతుల చట్టం వచ్చింది. 1978లో బూడిదరంగు తోడేలును అలాస్కా మినహా దాదాపు అన్నిచోట్లా గట్టి రక్షణ కిందికి తెచ్చారు. మిన్నెసోటాలో మాత్రం ఒక మెట్టు కింద ఉంచారు. తండ్రికి బహుమానం ఇచ్చిన పనికి కొడుక్కి జైలుశిక్ష పడే పరిస్థితి వచ్చింది. పశువుల పెంపకందార్ల కోపానికి మూలం ఇక్కడుంది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

1982లో చట్టంలో 10(జె) అనే సెక్షన్ చేర్చారు. తిరిగి తెచ్చి వదిలిన జంతువులను ‘ప్రయోగాత్మక’ సంతతిగా ప్రకటిస్తే నిబంధనలు సడలించుకోవచ్చు. తోడేలు వస్తుంది, కానీ సొంత భూమిలో పశువును పట్టి చంపుతూ కనబడితే రైతు కాల్చవచ్చు, 24 గంటల్లో తెలియజేస్తే చాలు. పాము చావకుండా కర్ర విరగకుండా కుదిర్చిన ఈ ఏర్పాటు లేకుంటే 1995 లేదు.

ఆ జనవరిలో కెనడాలోని అల్బర్టా నుంచి 14 తోడేళ్లు ఎల్లోస్టోన్‌కు వచ్చాయి. మరుసటి ఏడాది బ్రిటిష్ కొలంబియా నుంచి 17 వచ్చాయి. ఐడహోకు రెండేళ్లలో కలిపి 35. రెండుచోట్లా పద్ధతి వేరు. వేరేచోటికి తరలించిన తోడేలు పుట్టిన దిక్కుకే పరుగు తీస్తుంది. అందుకని ఎల్లోస్టోన్‌లో ఒక్కోటి సుమారు ఎకరం ఉండే కంచె ఆవరణల్లో పది వారాలపాటు ఉంచారు. జాలీ పది అడుగుల ఎత్తు. ఎక్కి దూకకుండా పై అంచును లోపలికి వంచారు, తవ్వుకుని పోకుండా కింద నేల మీద కూడా జాలీ పరిచారు. రోడ్డు ప్రమాదాల్లో చచ్చిన దుప్పుల మాంసం వేసేవారు, మనుషుల అలికిడి అలవాటు కాకుండా అంతకుమించి దగ్గరకు వెళ్లేవారు కాదు. ఐడహోలో మాత్రం పెట్టె తలుపు తీసి నేరుగా అడవిలోకి వదిలేశారు. రెండూ ఫలించాయి.

కనీసం అన్నది గరిష్ఠమైపోయింది

గొడవ మొత్తం ఒక అంకె చుట్టూ తిరుగుతోంది. ఐడహో, మోంటానా, వయోమింగ్ ఒక్కోదానిలో పది సంతాన జంటలు, మొత్తం 30 జంటలు, జంటకు పది చొప్పున సుమారు 300 తోడేళ్లు. ఇవి వరుసగా మూడేళ్లు నిలిస్తే కోలుకున్నట్టు లెక్క. సంతాన జంట అంటే ఊరికే మగ, ఆడ కాదు. ఆ ఏడాది పుట్టినవాటిలో కనీసం రెండు పిల్లలు డిసెంబర్ 31 దాకా బతికి ఉండాలి. అందుకే నడి చలికాలంలో విమానాల నుంచి, కొన్నింటి మెడకు కట్టిన రేడియో కాలర్ల సాయంతో లెక్క తీస్తారు.

2002కే ఆ లక్ష్యం అందింది. ఇక మాకు అప్పగించండి అని రాష్ట్రాలు అడిగాయి. 300 అన్నది అంతకు తగ్గకూడదనే హద్దే గానీ అంతకు దించమని కాదని సంరక్షకులు అన్నారు. మా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. లక్ష్యం రాసుకున్నప్పుడు పై అంకె ఎంతో, దాన్ని ఎవరు తేల్చాలో రాసుకోలేదు. 2010 చివరికి ఆ ప్రాంతంలో 1,600కు పైగా తోడేళ్లు ఉన్నాయి. ఒకరి కళ్లకు అది లక్ష్యానికి ఐదు రెట్లు. ఇంకొకరి కళ్లకు ఒకప్పటి సంతతిలో చిన్న ముక్క.

తర్వాత చట్టం బంతిలా అటూ ఇటూ తిరిగింది. 2008లో రక్షణ ఎత్తేశారు, కోర్టు ఆపింది. 2009లో వయోమింగ్‌ను మినహాయించి మళ్లీ ఎత్తేశారు. మోంటానా, ఐడహో వేట జరిపాయి. 2010 ఆగస్టులో న్యాయమూర్తి డోనల్డ్ మొలాయ్ అదీ కొట్టేశారు. ఒకే సంతతిని రాష్ట్ర సరిహద్దు గీత దగ్గర రెండుగా కోసి, ఇటు రక్షణ, అటు వేట అనడానికి చట్టం ఒప్పుకోదన్నది ఆయన తీర్పు. 2011 ఏప్రిల్‌లో కాంగ్రెస్ ఒక బడ్జెట్ బిల్లులో రెండు వాక్యాలు ఇరికించి, కోర్టులు సమీక్షించే వీలు లేకుండా ఆ రక్షణ తీసేసింది. ఒక జంతువును ఆ జాబితా నుంచి కాంగ్రెసే తొలగించడం అదే మొదలు. శాస్త్రం మీద తేలాల్సిన విషయం ఓట్ల మీద తేలిందన్న బాధ సంరక్షకులకు నేటికీ ఉంది.

విస్కాన్సిన్, మిషిగన్, మిన్నెసోటా ఉన్న గ్రేట్ లేక్స్ ప్రాంతంలోనూ ఇదే తంతు. 2012లో రక్షణ పోయింది, 2014 చివర్లో కోర్టు తిరిగి ఇచ్చింది, 2021 జనవరిలో మళ్లీ పోయింది, 2022 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది. విస్కాన్సిన్ వేట ఆ మధ్య దొరికిన సందులో జరిగింది. కేంద్ర రక్షణ లేనప్పుడు వేట జరిపి తీరాలని రాష్ట్రం 2012లో చట్టం చేసుకుంది. అధికారులు నవంబర్ దాకా ఆగుదామన్నారు, వేటగాళ్ల సంఘం ఒకటి కోర్టుకెళ్లి ఫిబ్రవరిలోనే జరిపించింది. మిషిగన్ దారి వేరు. 2013లో 43 కోటాతో వేట పెడితే 22 చచ్చాయి, మరుసటి ఏడాది ప్రజలు ఓటేసి వేట చట్టాలను తిప్పికొట్టారు.

చచ్చిన దూడ ఏం చెబుతుంది

కోర్టుల గొడవ ఒక ఎత్తు, మేతభూమిలో దొరికిన కళేబరం ఇంకో ఎత్తు. పరిహారం రావాలన్నా, తోడేలును చంపడానికి అనుమతి రావాలన్నా ముందు తేలాల్సింది ఆ దూడను చంపింది ఏదన్నది. చచ్చిన దూడను తోడేలు తినడం వేరు, బతికున్న దూడను పట్టి చంపడం వేరు.

పరీక్షించేవాళ్లు చర్మం పూర్తిగా ఒలుస్తారు. పైన పంటిగాటు చిన్న గీతలా కనిపించినా, లోపల కండ నలిగి నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంటే, కరిచేటప్పటికి దూడ ప్రాణంతో ఉందని అర్థం. గుండె ఆగాక కరిస్తే ఆ గడ్డ ఉండదు. తోడేలు ఎక్కువగా వెనక తొడలు, డొక్కలు, తోక మొదలు, ముంగాళ్ల పైభాగం పట్టుకుంటుంది. కయోటీ (తోడేలు కంటే చిన్నదైన, నక్కలాంటి జంతువు) గొంతు పడుతుంది. ప్యూమా (కొండసింహమనే పెద్దపిల్లి) మెడ కొరికి, తిన్నది తిని మిగిలినదాన్ని ఆకులు, మట్టి కప్పి దాస్తుంది. కోరపళ్ల గాట్ల మధ్య దూరం కూడా కొలుస్తారు. చుట్టూ తొక్కిన నేల, విరిగిన పొదలు, ఈడ్చిన జాడ చూస్తారు. కళేబరం కంటపడగానే టార్పాలిన్ కప్పి, కుక్కలనూ మనుషులనూ దూరంగా ఉంచాలి. ఎండలో ఒక రోజు గడిస్తే, రాబందులూ కాకులూ పడితే చూడ్డానికి చర్మమే మిగలదు. అప్పుడు ‘నిర్ధారణ కాలేదు’ అని రాస్తారు, పెంపకందారుకు డబ్బు రాదు.

అసలు కళేబరమే దొరకని దూడలు ఎక్కువ. ఐడహోలో దట్టమైన అడవి మేతభూమిలో జరిపిన ఒక అధ్యయనంలో, తోడేళ్లు చంపిన ఎనిమిది దూడలకు ఒకటే దొరికి ఉండవచ్చని తేలింది. అందుకే వయోమింగ్ కొన్ని ప్రాంతాల్లో నిర్ధారణ అయిన ఒక్కో దూడకు ఏడు రెట్ల వరకు లెక్కకట్టి ఇస్తుంది. బతికిన దూడల మీదా దెబ్బ పడుతుంది. మోంటానాలో దాడి నిర్ధారణ అయిన మందల్లో దూడలు సగటున 22 పౌండ్లు, అంటే సుమారు 10 కిలోలు, తక్కువ తూగాయి. రాష్ట్రం మొత్తం మీద చూస్తే తోడేళ్ల వల్ల పోయే పశువులు చాలా తక్కువ. జబ్బులు, చలి, కాన్పు చిక్కులు పొట్టన పెట్టుకునేవే ఎక్కువ. కానీ తోడేళ్ల నష్టం అందరి మీదా సమంగా పడదు, కొద్దిమంది మీదే పదేపదే పడుతుంది.

ఎర్రగుడ్డలు, కుక్కలు, తుపాకీ

చంపకుండా కాపాడే ఉపాయాల్లో పాతది ఎర్రగుడ్డల తాడు. ఫ్లాడ్రీ అంటారు. తూర్పు యూరప్‌లో ఒకప్పుడు తోడేళ్లను చుట్టుముట్టి చంపడానికి వాడిన సాధనమే ఇప్పుడు వాటిని దూరంగా ఉంచుతోంది. అర మీటరు పొడవున్న గుడ్డపీలికలను తాడుకు అర మీటరుకొకటి చొప్పున వేలాడదీస్తారు. కింది కొస నేలకు జానెడు లోపే ఉండాలి. గాలికి పీలికలు తాడుకు చుట్టుకుపోతే అక్కడ సందు ఏర్పడుతుంది, తోడేలు దాన్నే పట్టుకుంటుంది. కింద గడ్డి పెరిగితే గుడ్డ కదలదు. రోజూ చుట్టూ తిరిగి సరిచేయాలి. ఇంత చేసినా రెండు నెలలకు భయం పోతుంది. అందుకని ఈనే కాలంలో, చిన్న దొడ్లకే వాడాలి, పని అయిపోగానే చుట్టేయాలి. తాడులో కరెంటు పారిస్తే ఇంకొంత కాలం పనిచేస్తుంది.

కాపలా కుక్క ఒక్కటే ఉంటే తోడేళ్లే దాన్ని చంపేస్తాయి, కనీసం రెండు మూడు ఉండాలి. తోడేళ్ల పిల్లలు గుహలో ఉండే వసంతంలో ఆ దరిదాపులకు మందను తోలకూడదు. చచ్చిన పశువును మేతభూమిలో వదిలేస్తే, పశువు మాంసం అక్కడ దొరుకుతుందని తోడేలుకు మనమే నేర్పినట్టు. ఐడహోలోని వుడ్ రివర్ లోయలో కాపరులు, కుక్కలు, రాత్రి దొడ్లు, లైట్లు కలిపి ఏడేళ్లు నడిపితే, ఆ జాగ్రత్తలు లేని పక్క ప్రాంతంలో గొర్రెల నష్టం మూడున్నర రెట్లు ఎక్కువగా తేలింది. అయితే అవి కాపరి వెంట కలిసి నడిచే గొర్రెలు. వేల ఎకరాల్లో చెదిరి మేసే ఆవులకు అదంతా అలాగే పనికిరాదు. ఈ తేడా చెప్పకుండా ఉపాయాలు వల్లించేవాళ్లను పెంపకందార్లు నమ్మకపోవడం సహజం.

మరి చంపితే నష్టం ఆగుతుందా? తోడేళ్లను చంపిన మరుసటి ఏడాది పశు నష్టం పెరిగిందని 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. అవే అంకెలను 2016లో వేరేవాళ్లు మళ్లీ లెక్కకట్టి అందుకు విరుద్ధంగా తేల్చారు. ఇంతకంటే పనికొచ్చే లెక్క 2015లో వచ్చింది. దాడి తర్వాత ఏమీ చేయకపోతే మళ్లీ దాడికి మధ్యస్థంగా 19 రోజులు పట్టింది. గుంపులో కొన్నింటిని చంపితే 64 రోజులు, మొత్తం గుంపును తీసేస్తే 730 రోజులు. కొన్నింటినే చంపే పక్షంలో వారం లోపు చంపితేనే ఎక్కువ ఫలం.

కాబట్టి మందల మీద పడిన గుంపును వెంటనే ఎంచి తీసేయడం ఒక పని, శరదృతువులో లైసెన్సులమ్మి వేట పెట్టడం మరో పని. అడవి లోతట్టున వేటగాడికి చిక్కిన తోడేలు ఆవును చూసి కూడా ఉండకపోవచ్చు. పశురక్షణ పేరు చెప్పి వేటను సమర్థించడం ఇక్కడే బలహీనపడుతుంది. ఎల్క్ వాదన వేరు. ఎల్లోస్టోన్ ఉత్తర మందలో 1990ల మొదట్లో 19,000 దాకా ఉన్న ఎల్క్‌లు 2013కు 4,000 లోపుకు పడ్డాయి. అందులో తోడేళ్ల వాటా ఉంది, ఎలుగుబంట్లు, ప్యూమాలు, కరువు, పార్కు బయట మనుషుల వేట వాటా కూడా ఉంది.

గీతలు

2020 నవంబర్‌లో కొలరాడో ఓటర్లు 50.9 శాతం మద్దతుతో తోడేళ్లను రప్పించాలని తీర్మానించారు. 2023 డిసెంబర్‌లో ఒరెగాన్ నుంచి 10, 2025 జనవరిలో బ్రిటిష్ కొలంబియా నుంచి 15 వచ్చాయి. ఒక్కో పశువుకు 15,000 డాలర్ల వరకు పరిహారం ఇస్తారు. తోడేళ్లను వదిలింది పడమటి కొండల్లో, గెలిపించిన ఓట్లలో ఎక్కువ తూర్పు నగరాలవి.

కొలరాడోకు ఉత్తరాన వయోమింగ్. ఆ రాష్ట్రంలో దాదాపు 85 శాతం భూభాగంలో తోడేలును ఏ రోజైనా, లైసెన్సు లేకుండా, ఎన్నైనా చంపవచ్చు. ఎల్లోస్టోన్‌లో ఎంతోమంది దూరదర్శినుల్లో చూసిన 832ఎఫ్ అనే ఆడ తోడేలు 2012 డిసెంబర్‌లో పార్కు సరిహద్దుకు సుమారు 15 మైళ్ల అవతల, వయోమింగ్ వేట కాలంలో, చట్టబద్ధంగా చనిపోయింది. 2021–22 చలికాలంలో మోంటానా రాష్ట్రం ఎల్లోస్టోన్ పార్కు అంచున కోటా హద్దు ఎత్తేశాక, పార్కు తోడేళ్లు పాతిక దాకా బయట చచ్చాయి. గుంపు వదిలి జత వెతుక్కుంటూ వెళ్లే కుర్ర తోడేలు వందల మైళ్లు నడుస్తుంది. కొలరాడోలో రక్షణ కింద ఉన్నది ఒక రాత్రి నడకలో వయోమింగ్ వైపు దాటితే, తెల్లారేసరికి దానికి ఏ రక్షణా ఉండదు. దాని మెడలోని కాలర్ మాత్రం కొలరాడో అధికారులకు సంకేతం పంపుతూనే ఉంటుంది.