కార్న్‌క్రేక్ కనుమరుగు వెనుక గడ్డికోత చరిత్ర

ఐర్లండ్ పల్లెల్లో రూక్ కాకులు, మ్యాగ్‌పైలు, రాబిన్లు ఇప్పటికీ ఎటు చూసినా కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిలాగే ఊరూరా ఉన్న కార్న్‌క్రేక్ మాత్రం ఇప్పుడు దాదాపుగా డొనెగాల్, మేయో, గాల్వేల పడమటి తీరానికీ దీవులకూ పరిమితమైంది. ఈ పక్షి ప్రస్తావన వస్తే రైతును తప్పుపట్టడం తేలిక. జరిగింది మాత్రం అంత తేలికగా తేలే వ్యవహారం కాదు.

మన చెరువుల్లోని నీటికోడికి ఇది చుట్టమే, కానీ ఉండేది గడ్డిలో. చలికాలం ఆఫ్రికాలో గడిపి, వసంతంలో ఐర్లండ్ చేరి, కోతకు పెంచే గడ్డిలోనే గుడ్లు పెడుతుంది. మనుషుల కంటపడడం అరుదు. రాత్రంతా దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు వినిపించే మగపక్షి అరుపే దాని ఆనవాలు. గణకులు లెక్కించేదీ ఆ అరుపులనే. ఆయుష్షు తక్కువ కాబట్టి ఒకే వేసవిలో రెండుసార్లు పిల్లల్ని లేపితేనే జాతి నిలుస్తుంది.

పొడవాటి పిడి కొడవళ్లతో కోసిన రోజుల్లో పని నెమ్మదిగా, ఆలస్యంగా సాగేది. పిల్లలు తప్పించుకోవడానికి వ్యవధి ఉండేది. గుర్రాలు లాగే కోతయంత్రాలు వచ్చాక, 19వ శతాబ్దం చివర్లోనే తూర్పు ప్రాంతాల్లో తగ్గుదల కనిపించింది. తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. అసలు దెబ్బ మాత్రం పాతరగడ్డిది, అంటే ఎండబెట్టకుండా పచ్చిగానే పాతరేసి పులియబెట్టే సైలేజిది. ఎండుగడ్డికి వరుసగా కొన్ని ఎండరోజులు కావాలి. ఐర్లండ్‌లో వాటిని నమ్ముకోవడం జూదమే. పాతరగడ్డికి ఆ బెడద లేదు. 1973లో ఐర్లండ్ ఐరోపా ఆర్థిక సమాజంలో (నేటి ఐరోపా యూనియన్‌కు పూర్వరూపం) చేరాక పాలు, మాంసం ఉత్పత్తి పెంచమని విధానాలే ప్రోత్సహించాయి. దాంతో జులైలో చేసే కోత మే చివరికీ జూన్‌కూ మారింది. సరిగ్గా గుడ్లు, పిల్లలు ఉండే వేళ అది.

కోసే తీరూ ప్రాణాంతకమే. యంత్రం అంచుల నుంచి లోపలికి తిరుగుతూ వస్తుంటే, ఎగరలేని పిల్లలు మిగిలిన గడ్డిలోకి జరిగి జరిగి చివరి చాలులో చిక్కుకుంటాయి.

అందుకే 1990ల నుంచి కోత ఆలస్యం చేసినందుకు, మధ్య నుంచి బయటికి కోసినందుకు రైతులకు డబ్బు చెల్లించే పథకాలు నడిచాయి. గడ్డి పెంచమని ఒక చేత్తో, కోయొద్దని మరో చేత్తో ఇవ్వడం కొంత విడ్డూరమే. అయినా తీరంలో ఫలితం కనిపించింది. షానన్ నది పల్లపు మైదానాల్లో మాత్రం 2000 తరువాత పదేపదే వచ్చిన వేసవి వరదలు గూళ్లను ముంచేశాయి. అక్కడ పక్షి పూర్తిగా పోయింది.

2021లో ఐరోపా యూనియన్ నిధులతో ఈ పక్షిని కాపాడే లైఫ్ ప్రాజెక్టు మొదలైంది. కోత తేదీలతోపాటు, వసంతంలో పక్షి రాగానే దాక్కోవడానికి ఎత్తైన ఐరిస్, నెటిల్ మొక్కల గుబుర్లనూ రైతులు పెంచుతున్నారు. అరిచే మగపక్షులు ఇటీవల దేశం మొత్తంమీద 200కు పైగా ఉన్నాయి.